బోణీ కాకముందు

ఎవరు ఏ సాహసం గురించి చెప్పినా నేను సగానికి బేరమాడి వింటాను. ఇందులో నా తప్పేమీ లేదు, పెంపకం అలాంటిది. విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు వెనక ఇంట్లో పుట్టి పెరిగాను. చెప్పిన ధరని చెప్పినట్టు నమ్మేవాళ్ళని మా ఇంట్లో చుట్టాల్లో కూడా కలుపుకునేవారు కాదు.

మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక మా కొట్టు అరుగు మీద ఊసుపోని వాళ్ళు చేరేవారు. కృష్ణకి వరదొచ్చినప్పుడు పందెం కాసి బ్యారేజీ మీంచి దూకినవాడి గురించి చెప్పేవారు. ఎదురుగా మెయిలు వస్తుంటే రైలు వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ అవతలి ఒడ్డుకి పోయినవాడి గురించి చెప్పేవారు. నేను లోపల కూర్చుని ఆ వరదని మోకాలి లోతుకి దించేదాన్ని. మెయిలుని ఆగి ఉన్న గూడ్సుబండి చేసేదాన్ని. సైకిలు మాత్రం వదిలేసేదాన్ని, పాపం ఏదో ఒకటి మిగలాలి కదా అని.

నేను పైసా తగ్గించకుండా తీసుకున్న సాహసం ఒకటే. అది మా మేనత్త చేసింది. ఒక పొద్దున కొట్టుకీ ఇంటికీ మధ్య వేలాడే తెర పక్కకి తీసి, గడప దాటి, కొట్టులోకి వచ్చింది. అంతే.

అంతేనా అని పెదవి విరవకండి. సరుకు చూడకుండా ధర కట్టడం పద్ధతి కాదు.

బోణీ అంటే మా వాళ్ళకి ఉన్న భయభక్తులు దేవుడంటే కూడా ఉండేవి కావు. పొద్దున్నే తలుపులు తీసి, గుమ్మంలో నీళ్ళు చల్లి, గల్లాపెట్టెకి అగరొత్తి తిప్పాక, మొదట మెట్టెక్కిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదు. నష్టానికైనా సరే ఏదో ఒకటి అమ్మి, ఆ డబ్బు కళ్ళకద్దుకుని పెట్టెలో వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మనిషితో ‘కాదు’ అనే మాట అనకూడదు. అంటే ఆ రోజంతా వ్యాపారం కాదనే అంటుందని నమ్మకం. ఈ సంగతి తెలిసిన గడుసు ఇల్లాళ్ళు కొందరు కావాలని బోణీ వేళకి వచ్చి నాన్న ప్రాణాలు తోడేసేవారు.

ఇంకో కట్టుబాటు అత్తయ్య కోసం ఉండేది. అత్తయ్య నాన్నకి చెల్లెలు. పెళ్ళయిన కొద్దికాలానికే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అంతకుముందే మా అమ్మ పోయింది కాబట్టి నన్ను పెంచింది ఆవిడే. భర్త లేని మనిషి బోణీ కాకముందు కొట్టులోకి ఎదురు రాకూడదని మామ్మ శాసనం. మామ్మ అంటే నాన్నకీ అత్తయ్యకీ తల్లి. బోణీ అవగానే నాన్న ఒక ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో టంగుమని కొట్టేవాడు. అది విన్నాకే అత్తయ్య వంటింట్లోంచి వచ్చి తెర వెనక పీట వేసుకునేది. అప్పుడు కూడా తెర ఇవతలికి వచ్చేది కాదు.

ఆవిడకి ఆ కట్టుబాటు మీద కోపం ఉండేదనుకుంటే పొరపాటే. మామ్మకన్నా ఆవిడే ఎక్కువ నమ్మేది. ఒకసారి గంజి వారుస్తూ మణికట్టు మీద ఒలకబోసుకుంది. కాలినదానికి రాసే మందు కొట్టులో బల్ల సొరుగులో ఉంది. ఇంకా బోణీ కాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని తెర వెనక నిలబడిపోయింది తప్ప కేకెయ్యలేదు. పళ్ళెం మోగాక మాత్రం, ఏమీ జరగనట్టు, “అన్నయ్యా, ఆ మందు ఇలా అందుకోవూ” అంది. మచ్చ పడిపోయింది.

తెర వెనక నుంచే అత్తయ్య బేరాలు చేసేది. సరుకు తెచ్చే ఏజెంట్లు ధర చెప్పగానే, నాన్న గొంతు సవరించుకునేలోపే, తెర వెనక నుంచి ఒక మాట వచ్చేది. “అంతెందుకూ?” అరుపు కాదు, దెబ్బలాట కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు ఉండేది. ఏజెంటు ముఖం కనపడని మనిషికి జవాబు చెప్పలేక, తెర మీది పువ్వులకేసి చూస్తూ తగ్గించేవాడు.

మగపిల్లలు లేని ఇల్లు కావడంతో, పదో తరగతి గట్టెక్కాక నన్ను కొట్టులో కూర్చోనిచ్చారు. సంబంధం కుదిరేదాకా అన్నమాట. నన్ను మహా బేరగత్తెనని నాన్న అందరికీ చెప్పుకునేవాడు. నిజానికి నేను ధర వినగానే తెరవైపు చెవి పడేసి ఊరుకునేదాన్ని. పని అంతా తెర చేసేది, పేరు నాకొచ్చేది.

ఆ రోజుల్లోనే ఫిట్టరు గారు వచ్చారు. ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీలో పని. క్రైస్తవులు. భార్య పోయింది, పిల్లల్లేరు. డ్యూటీకి తీసుకెళ్ళడానికి టిఫిన్ క్యారియర్ కావాలని వచ్చాడు. నాన్న బేరమాడడానికి చోటుండేలా బాగా ఎత్తున చెప్పాడు. ఆయన మారుమాట్లాడకుండా జేబులో చెయ్యి పెట్టాడు.

“అంతెందుకూ?” అంది తెర.

ఈసారి బేరం మా సొంత కొట్టు మీదే!

నాన్న వెనక్కి తిరిగాడు. “నువ్వెవరి వైపే?”

“గిన్నె వైపు అన్నయ్యా. పై గిన్నెకి మూత బిగుతుగా లేదు. చప్పుడు వినపడ్డంలా? సైకిలు మీద తీసుకెళ్తే చారంతా ఒలికిపోద్ది.”

“పర్లేదులెండి, అడిగినంత ఇస్తాను,” అన్నాడు ఆయన కంగారుగా.

“ఇదిగో అమ్మాయ్, ఆయనతో చెప్పు,” అంది అత్తయ్య నాతో. “అడిగినంతా ఇచ్చేవాళ్ళుంటే బజారు పాడైపోద్దని చెప్పు.”

ఆయన ఆ మాట నేరుగా విన్నాడు. అయినా నేను మళ్ళీ చెప్పాను. ఆయన నాకేసి చూస్తూ తెరతో అన్నాడు, “నాకు బేరం రాదండీ. చిన్నప్పట్నుంచీ అంతే.”

“నేర్చుకోమను,” అంది తెర.

నేర్చుకోవడానికే అన్నట్టు, సెలవు దొరికినప్పుడల్లా రావడం మొదలెట్టాడు. ఒకసారి గ్లాసు, ఒకసారి గరిటె, ఒకసారి ఉత్త మూత. ఒక్కడికి అన్ని గరిటెలెందుకని అరుగు మీది వాళ్ళు నవ్వుకునేవారు. నాన్నకి మాత్రం అనుమానం రాలేదు. కొనేవాడి మీద కొట్టువాడికి అనుమానం రాదు. మధ్యలో నేను, ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసేదాన్ని. అందరికీ వినపడుతున్న మాటల్నే మోసేదాన్ని.

“అన్నం ఎవరు వండుతారో అడుగు.”

“నేనే వండుకుంటానండి.”

“అందుకే అంత చిక్కిపోయిన గొంతు అని చెప్పు.”

చెరుకు ఆట, అంటే చెరుకు గానుగాడే కాలం, మొదలైతే ఫ్యాక్టరీ పగలూ రాత్రీ నడుస్తుంది, ఆయనకి సెలవుండేది కాదు. ఆ నెలల్లో ఏజెంట్లు వచ్చి ఎంత ధర చెప్పినా తెర పలికేది కాదు. నాన్న రెండు మూడుసార్లు మోసపోయి, “దీనికి ఒంట్లో బాగాలేదేమో కనుక్కోవే,” అన్నాడు. నేను లోపలికి వెళ్ళి చూస్తే, ఆవిడ పీట మీద కూర్చుని వీధిలోంచి వచ్చే చప్పుళ్ళు వింటోంది. నా పక్కనే పడుకునే మనిషి, తల దువ్వే మనిషి, నాకు అందనంత దూరంలో ఎక్కడో ఉంది. ఆవిడకి ఏం కావాలో నాకు తెలిసిపోయింది. ఆవిడకి కావాల్సింది దొరికితే నాకు ఆవిడ దొరకదని కూడా అప్పుడే తెలిసింది.

ఆట ముగిశాక ఆయన వచ్చిన రోజు అత్తయ్య గొంతు మళ్ళీ లేచింది. “అమ్మాయ్, ఆయనతో చెప్పు. ఎప్పుడూ పొద్దెక్కి వస్తే ఏరగా మిగిలిందే దొరుకుద్ది. బోణీకి రమ్మను. బోణీకొస్తే మా అన్నయ్య ఏదడిగినా కాదనడు.”

“అవునండోయ్,” అన్నాడు నాన్న నవ్వుతూ. “అది మా నియమం.”

ఆ వారమే ఆయన ఉయ్యూరు నుంచి మొదటి బస్సుకి వచ్చాడు. వీధిలోకి ఎండ ఇంకా దిగలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. నాన్న గల్లాపెట్టెకి అగరొత్తి తిప్పుతున్నాడు. నేనూ అత్తయ్యా తెర వెనక, సందులోంచి చూస్తూ ఉన్నాం.

“రండి రండి ఫిట్టరు గారూ! ఇన్నాళ్ళకి బోణీ మీ చేతి మీదా? అడగండి, ఏం కావాలో.”

“కాదనరుగా?”

“బోణీ వేళ కాదంటే ఇంకేమన్నా ఉందా!”

“మీ చెల్లెలు గారిని నాకిచ్చి పెళ్ళి చెయ్యండి.”

నాన్న పంచె మీద అగరొత్తి నుసి రాలింది. నోరు తెరిచాడు. రావాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మింగాడు.

“పెద్ద గంగాళం ఉంది,” అన్నాడు చివరికి. “చూస్తారా?”

“అక్కర్లేదండి.”

“ఇత్తడి బిందె. డబ్బులివ్వకండి, ఊరికే పట్టుకెళ్ళండి.”

“వద్దండి.”

“పోనీ బిందె, గంగాళం, రెండూనూ!”

ఎప్పుడూ ఒక్క పైసా తగ్గించమని అడగలేని మనిషి ఆ రోజు అంగుళం కదలలేదు. అప్పటికి వంటింట్లో మామ్మకి సంగతి అర్థమైంది. “కాదనరా! అనవేం? నోరు పడిపోయిందా?”

“బోణీ కాలేదే అమ్మా!” అన్నాడు నాన్న, ఏడుపు గొంతుతో.

అప్పుడు నాన్నలోని వ్యాపారి తేరుకున్నాడు. ఆ మార్పు నాకు గొంతులోనే తెలిసింది. “చూడండి. మా చెల్లెలు అటక మీది గిన్నె కాదుగా, నేను దించి మీ చేతిలో పెట్టడానికి. దాని నోటితో అది చెప్పాలి. ఇక్కడికొచ్చి, మీ ఎదురుగా, ఇప్పుడే చెప్పమనండి. చెబితే నాకేం అభ్యంతరం లేదు.”

నాన్న చేసిన బేరాలన్నిటిలో అదే గొప్పది. కాదనలేదు. కానీ బోణీ కాకముందు అత్తయ్య తెర దాటదు. చెయ్యి కాలినప్పుడే దాటలేదు. ఆవిడ రాకపోతే ఆయన చిన్నబుచ్చుకుని ఏదో ఒక గ్లాసు కొని బోణీ చేస్తాడు. పళ్ళెం మోగాక ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కాదనొచ్చు.

తెర వెనక అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. మణికట్టు మీది మచ్చ నా వేళ్ళకి తగులుతోంది. “నువ్వెళ్ళి చెప్పవే,” అంది అలవాటుగా.

“నిన్నే రమ్మంటున్నారు అత్తయ్యా.”

“నేను ఎదురెళ్తే అన్నయ్యకి ఏమన్నా అయితే?”

ఆ ప్రశ్న వేషం కాదు. నిజంగా భయపడింది. బ్యారేజీ మీంచి దూకేవాడికి కింద నీళ్ళుంటాయని తెలుసు. ఈవిడ దూకబోయేది తన చేతులతో అన్నం పెట్టిన ఇంటి మీదకి. తన వల్ల ఆ కొట్టు మూతపడితే, అన్న మంచాన పడితే, నా పెళ్ళి ఆగిపోతే, అన్నిటికీ తానే కారణమని చచ్చేదాకా నమ్మే మనిషి. నా చెయ్యి ఇంకోసారి గట్టిగా నొక్కింది. తర్వాత వదిలేసింది.

తెర ఉంగరాలు గలగలమన్నాయి.

నాన్న కళ్ళు మూసేసుకున్నాడు. చూడకపోతే ఎదురైనట్టు లెక్క కాదని కాబోలు. అంత పెద్ద మనిషి, చేతిలో అగరొత్తితో, పసిపిల్లాడిలా కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

“కళ్ళు తెరువు అన్నయ్యా,” అంది అత్తయ్య. “నేనేగా.”

నాన్న తెరిచాడు.

“ఆయన అడిగింది నాకిష్టమే.”

ఎదురు కొట్టు వాళ్ళు సగం తీసిన తలుపుల్ని పట్టుకుని అలాగే ఆగిపోయారు. అత్తయ్య కొంగు ముడి విప్పి చిల్లర తీసింది. “బోణీ నేను చేస్తాను. ఆ గ్లాసు ఎంత?”

నాన్న అలవాటు కొద్దీ ఒక ధర చెప్పాడు. చాలా ఎక్కువ చెప్పాడు.

“అంతెందుకూ?”

“మేలు రకం.”

“నాకా చెబుతున్నావు మేలు రకం? సొట్ట చూడు.”

“అది సొట్ట కాదు, వెలుగు.”

“తగ్గించు అన్నయ్యా.”

అర్ధణా తగ్గించాడు. ఆవిడ ఇంకాస్త అడిగింది. ఇంకో అర్ధణా. అణాలు పోయి చాలా ఏళ్ళయినా మా ఇంట్లో బేరాలు అణాల్లోనే నడిచేవి. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ, గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ, లేని సొట్టలు చూపించుకుంటూ బేరమాడారు. మాట రెండో విడతలోనే తెంచేసే నాన్న ఆ పొద్దు తెగనివ్వలేదు. బేరం తెగితే చెల్లెలు వెళ్ళిపోతుంది. ఆవిడకీ అది తెలుసు. తెంచాలని లేదు.

చూడలేక ఫిట్టరు గారు అన్నాడు, “పోనీ, ఆయన అడిగినంత ఇచ్చేద్దామండీ.”

“మీరూరుకోండి!” అన్నారు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే.

ఆయనతో అత్తయ్య నేరుగా మాట్లాడిన మొదటి మాట అది.

చివరికి తెగింది. నాన్న ఆ చిల్లర తీసుకుని కాసేపు అరచేతిలో చూసుకున్నాడు. తర్వాత కళ్ళకద్దుకుని పెట్టెలో వేశాడు. పళ్ళెం మాత్రం కొట్టలేదు. లోపలి నుంచి మామ్మ గొంతు వచ్చింది. “మళ్ళీ ఈ కొట్టు మెట్టెక్కితే నా మీద ఒట్టే!” అత్తయ్య లోపలికి వచ్చి, వంటింటి గడపకి ఇవతలే నించుని మామ్మకి దణ్ణం పెట్టింది. మామ్మ గోడవైపు తిరిగింది. అత్తయ్య నా తల మీద చెయ్యి వేసి, జడ చివర రిబ్బను సరిచేసి, గ్లాసు పట్టుకుని ఆయన వెంట వెళ్ళిపోయింది. చీరలు తర్వాత నేనే మూట కట్టి రిక్షాలో బస్టాండుకి పంపించాను.

ఆ రోజు కొట్టు మునిగిపోతుందని వీధంతా ఎదురుచూసింది. మునగలేదు. కలిసొస్తుందేమోనని నేను ఎదురుచూశాను. అదీ జరగలేదు. వ్యాపారం రోజూలాగే సాగింది. రాత్రి గల్లా సర్దుకుంటూ నాన్న, “మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాన్ని లోపల కూర్చోబెట్టాం?” అన్నాడు. నాతో అనలేదు. ఎవరితోనూ అనలేదు. మర్నాటి నుంచి బోణీ అయినా పళ్ళెం మోగలేదు. వినాల్సిన వాళ్ళు లేరు.

ఉయ్యూరులో వాళ్ళ చర్చిలో పెళ్ళయిందని విన్నాం. బస్సెక్కితే గంట. మామ్మ ఒట్టుతో ఆ గంట ఎన్నటికీ కదలని గంటయిపోయింది.

కొన్ని నెలలకి, ఒక సాయంత్రం కొట్టు నిండా జనం ఉండగా, ఎదురుగా ఉన్న తాళ్ళూ చాపల కొట్టులోంచి ఒక గొంతు వినపడింది. “అంతెందుకూ?”

నాన్న చేతిలో తక్కెడ ఆగిపోయింది. “ఒక్క నిమిషం ఉండండి,” అన్నాడు కొనేవాళ్ళతో.

ఒట్టు మా మెట్టుకే కదా. ఎదురు కొట్టు మెట్టుకి ఒట్టు లేదు. మావైపు వీపు పెట్టి నిలబడి, మాకు వినపడేంత గట్టిగా, అత్తయ్య ఒక చాపకి బేరమాడుతోంది. ఎండ ఎక్కువగా ఉందనీ, ఒంట్లో బాగానే ఉందనీ, కొత్త ఇంట్లో నేల చెమ్మగా ఉంటుంది కాబట్టి మందం చాప కావాలనీ ఆ కొట్టువాడితో చెబుతోంది. కొట్టువాడికి ఇవన్నీ ఎందుకో అర్థం కాక తల ఊపుతున్నాడు. “ఇంట్లో ఆడపిల్ల ఉంటే నూనె పెట్టి జడ బిగించి వెయ్యాలండీ, లేపోతే జుట్టు ఊడిపోద్ది,” అని కూడా చెప్పింది. నేను నా జడ పట్టుకుని తెర వెనక్కి వెళ్ళిపోయాను. అక్కడ, అత్తయ్య పీట మీద, మామ్మ కూర్చుని ఉంది. చెవి వీధివైపు.

“చాపకి ఎక్కువిచ్చేస్తోంది,” అంది మామ్మ, ముక్కు చీదుతూ. ఒట్టు వెనక్కి తీసుకోలేదు. తీసుకోవడం ఆవిడకి తెలియదు.

అలా ఇంకొన్నిసార్లు వచ్చింది. చాపలు, చీపుళ్ళు, తాళ్ళు. ఆ తర్వాత ఎక్కడో పై జిల్లాల్లో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఫిట్టరు గారికి పని దొరికి వెళ్ళిపోయారని, సైకిలు మీద వచ్చిన ఉయ్యూరు మనిషి ఒకాయన చెప్పాడు. ఊరి పేరు సరిగ్గా చెప్పలేకపోయాడు. అత్తయ్యకి రాయడం రాదు. నాకు పెళ్ళయి అటువైపు అత్తారింటికి వెళ్ళేటప్పుడు బస్సు ఉయ్యూరులో ఆగింది. చెరుకు ఆట రోజులు. ఊరంతా మరిగిన తీపి వాసన. కిటికీలోంచి ప్రతి ఆడమనిషి వీపూ చూశాను.

ఇప్పుడు నాకు బేరంలో పెద్ద పేరు. చీరలు కొనాలన్నా బీరువా కొనాలన్నా చుట్టాలు నన్ను వెంట తీసుకెళతారు. ధర చెప్పగానే నేను ఏమీ అనను. కొద్దిసేపు ఊరికే ఉంటాను. కొట్టువాడు నా ముఖంలోకి చూస్తాడు, ఇబ్బంది పడతాడు, తనే కాస్త తగ్గిస్తాడు. నేను ఇంకా మాట్లాడను. ఇంకాస్త తగ్గిస్తాడు. అదేం కిటుకో మాకూ నేర్పమంటారు మా వాళ్ళు.

అందులో కిటుకేమీ లేదు. వెనక తెర లేదని తెలిసినా, ఆ కాసేపు వింటూ ఉంటాను.